బుల్లెట్ బండా, సెమీ హైస్పీడా, మూడో లైనా: బెజవాడ–గుంటూరు వాళ్లం ఏది అడగాలి?

కొండపల్లి దాటింది, రాయనపాడు కూడా వెనక్కి పోయింది. ఇంకో పది నిమిషాల్లో బెజవాడ అనుకుని అందరూ పై బెర్తుల మీంచి బ్యాగులు దించుకుని తలుపుల దగ్గర చేరారు. బండి ఆగింది. పక్క లైన్లో బొగ్గు గూడ్సు ఒకటి నింపాదిగా పోతోంది, వ్యాగన్లు లెక్కపెట్టడం నలభైల్లో వదిలేశాను. అది పోయాక ఇంకో గూడ్సు. ఇరవై ఐదు నిమిషాలు అలాగే నిలబడ్డాం. నా పక్కనున్న కుర్రాడు ఫోన్లో బండి ఎక్కడుందో చూసుకుంటూ, "అన్నా, బుల్లెట్ ట్రైన్ వస్తే ఈ ఔటర్ గోల ఉండదు కదా" అన్నాడు.

"బుల్లెట్ ట్రైన్ వచ్చినా ఈ గోల ఉంటుంది తమ్ముడూ. అది ఈ లైను మీద రాదుగా" అన్నాను.

వాడికి నచ్చలేదు. కానీ అక్కడే అసలు విషయం ఉంది. వేగం కోసం కట్టే లైను వేరు, ఆలస్యం పోవడానికి కట్టే లైను వేరు. రెండూ ఒకటే అనుకుని మనం ఒకదాన్ని అడిగి ఇంకోదాని కోసం ఎదురు చూస్తున్నాం. నేను ఇరవై ఏళ్లుగా గుంటూరులో ఉంటూ సివిల్ కాంట్రాక్టర్లకు ఎస్టిమేట్లు వేసే పనిలో ఉన్నాను. రైల్వే ఇంజనీరును కాను. అయితే ఏ పనినైనా కిలోమీటరుకి ఎంత, ఎకరానికి ఎంత, ఎన్నేళ్లు అని చూడటం అలవాటైపోయింది. ఆ కంటితోనే ఇది రాస్తున్నాను.

మన ముందున్నవి ఏవి

మొదటిది అసలు సిసలు బుల్లెట్. గంటకు 320 కిలోమీటర్ల వేగం, పూర్తిగా వేరే లైను, వేరే స్టేషన్లు. ముంబై–అహ్మదాబాద్ మధ్య 508 కిలోమీటర్లు, 12 స్టేషన్లతో కడుతున్నది ఇదే. 2026 ఫిబ్రవరి కేంద్ర బడ్జెట్‌లో చెప్పిన ఏడు హైస్పీడ్ కారిడార్లలో హైదరాబాద్–చెన్నై ఒకటి. అది మన మీదుగా పోతే మనకీ ఒక స్టేషన్ వస్తుంది.

రెండోది సెమీ హైస్పీడ్. కొత్త లైనే, కానీ వేగం 200–220. శంషాబాద్ నుంచి బెజవాడ మీదుగా విశాఖకు సర్వే అన్నప్పుడు వినిపించిన అంకె ఇదే.

మూడోది ఉన్న లైన్లనే బాగుచేయడం. మూడో లైను, నాలుగో లైను, బండ్లు ఢీకొనకుండా ఆపే కవచ్, రెండు పక్కలా కంచె, లెవెల్ క్రాసింగులు తీసేసి వంతెనలు, ఆ తర్వాత వేగం 130 నుంచి 160కి పెంచడం. కాజీపేట–విజయవాడ, విజయవాడ–గూడూరు మూడో లైన్లు ఈ కోవలోవే. 2024 అక్టోబర్‌లో కేంద్ర కేబినెట్ ఒప్పుకున్న ఎర్రుపాలెం–అమరావతి–నంబూరు కొత్త లైను కూడా ఇందులోనే వేసుకోండి.

నాలుగోది ఎవరూ పెద్దగా మాట్లాడనిది. ఢిల్లీ–మీరట్ మధ్య నడిచే నమో భారత్ లాంటి ప్రాంతీయ రైలు. 82 కిలోమీటర్ల లైను అది, మొదటి ముక్క 2023 అక్టోబర్ 20న మొదలైంది, 160 వేగంతో పోతుంది. బెజవాడ, మంగళగిరి, అమరావతి, గుంటూరు, తెనాలి ఒక ఊరిలా కలిసిపోతున్నాయి కాబట్టి దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కాకపోతే ఖరీదు చూశాక నోరు మూతపడుతుంది, అది కింద చెప్తాను.

గడియారం పెట్టి చూద్దాం

గంటకు 320 అని బోర్డు మీద రాస్తారు. మనం ప్రయాణం చేసేది మాత్రం ఇంటి గుమ్మం నుంచి ఆ చివర గుమ్మం దాకా. మా మేనకోడలు గచ్చిబౌలిలో ఉంటుంది, వాళ్ల అత్తగారిల్లు బెంజ్ సర్కిల్ దగ్గర. ఆ అమ్మాయి ప్రయాణాన్నే లెక్క కట్టాను. కొన్ని నా ఊహలే, మీకు తోచినట్టు మార్చుకోండి.

ఇవాళ వందేభారత్ ఎక్కితే: ఇంటి నుంచి స్టేషన్, అక్కడ నిలబడటం కలిపి 50 నిమిషాలు. బెజవాడ నుంచి సికింద్రాబాద్ నాలుగుంపావు గంటలు. అక్కడి నుంచి గచ్చిబౌలి ఒక గంట. మొత్తం ఆరు గంటల పైచిలుకు. 130 వేగానికి అనుమతి ఉన్న లైను మీద 350 కిలోమీటర్లకు నాలుగుంపావు గంటలంటే సగటు 82 పడింది. బండికి సత్తా లేక కాదు, దాని ముందు ఖాళీ లేక.

అదే లైను 160కి బాగుపడి, గూడ్సులకు వేరే దారి దొరికి, సగటు 115 వచ్చిందనుకుందాం. బండిలో మూడు గంటల ఐదు నిమిషాలు. మొత్తం ఐదు గంటలకు కాస్త తక్కువ. గంటా పది నిమిషాలు మిగిలాయి.

సెమీ హైస్పీడ్ 300 కిలోమీటర్ల కొత్త లైను మీద సగటున 150తో పోయి, ఇక్కడ పాత బెజవాడ స్టేషన్‌కే వచ్చిందనుకుందాం. ఇల్లు, స్టేషన్ 50 నిమిషాలు, బండిలో రెండు గంటలు, శంషాబాద్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద గచ్చిబౌలి 40 నిమిషాలు. మొత్తం మూడున్నర.

ఇప్పుడు బుల్లెట్. సగటు 230 వేసుకుంటే బండిలో గంటా ఇరవై నిమిషాలే. అయితే స్టేషన్ ఊరి బయట ఉంటే బెంజ్ సర్కిల్ నుంచి అక్కడికి 50 నిమిషాలు, సామాను తనిఖీ, ఎదురుచూపు 25, ఆ చివర 40. మొత్తం మూడుంపావు.

అంటే ఆ అమ్మాయికి బుల్లెట్టుకీ సెమీ హైస్పీడుకీ తేడా పావుగంట. వారధి మీద ఒక లారీ ఆగిపోతే పోయే సమయం అది!

విమానం సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. గాల్లో గంట, కింద మూడున్నర గంటలు. ఇక కారులో 65వ నంబరు హైవే మీద మామూలు రోజున ఐదు గంటలు. సంక్రాంతికి పంతంగి టోల్ దగ్గర ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

చెన్నైకి మాత్రం లెక్క తిరగబడుతుంది. విజయవాడ–చెన్నై వందేభారత్ 2023 సెప్టెంబర్‌లో మొదలైనప్పుడు రేణిగుంట చుట్టి పోయి ఆరుగంటల నలభై నిమిషాలు తీసుకునేది. 430 కిలోమీటర్ల దూరానికి బుల్లెట్ రెండు గంటల లోపే చాలు, సెమీ హైస్పీడుకి దాదాపు మూడు. అక్కడ గంట తేడా. హైదరాబాద్ నుంచి చెన్నై పోయేవాడికి ఇంకా ఎక్కువ తేడా, విమానం మానేసేంత తేడా. దూరం పెరిగేకొద్దీ బుల్లెట్ గెలుస్తుంది, తగ్గేకొద్దీ ఇంటికీ స్టేషన్‌కీ మధ్య ఆటో గెలుస్తుంది. ఆ కారిడార్ ఆ రెండు చివరల వాళ్ల కోసం. మనం మధ్య ఊరి వాళ్లం. ఈ మాట మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

కిలోమీటరుకి ఎంత

ఇది నా పని కాబట్టి కాస్త ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను.

ముంబై–అహ్మదాబాద్ మొదటి అంచనా 1.08 లక్షల కోట్లు. 508తో భాగిస్తే కిలోమీటరుకి సుమారు 212 కోట్లు. తర్వాత అది పెరిగింది, పెరగకుండా ఏ పెద్ద పనీ ఉండదు. కేరళ వాళ్లు 200 వేగంతో వేద్దామనుకున్న సిల్వర్ లైను 530 కిలోమీటర్లకు 63,941 కోట్లు, అంటే కిలోమీటరుకి 120. అది కాగితం మీదే ఆగింది, పొలాల్లో, ఇళ్ల ముందు పాతిన పసుపు సర్వే రాళ్లను జనం పీకేశారు. ఢిల్లీ–మీరట్ లైను 30,274 కోట్లు, కిలోమీటరుకి దాదాపు 370. ఊళ్ల నడిమధ్య నుంచి, కొంత భూమి కింద నుంచి పోవాలి కాబట్టి అంత. ఇక మన ఎర్రుపాలెం–నంబూరు లైను 57 కిలోమీటర్లు, 2,245 కోట్లు. కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెనతో కలిపి కిలోమీటరుకి 39.

ఇవి వేర్వేరు ఏళ్ల ధరలు, తూకం సరిగ్గా పడదు. అయినా చేత్తో ఎత్తి చూస్తే బరువు తెలుస్తుంది. హైదరాబాద్–బెజవాడ 300 కిలోమీటర్లకు బుల్లెట్ పాత ధరలోనే 63 వేల కోట్ల పైన, సెమీ హైస్పీడ్ 36 వేల కోట్లు. మేనకోడలి పావుగంట ఖరీదు 27 వేల కోట్లు.

"జపాన్ వాళ్లు ఇస్తారుగా, వడ్డీ 0.1 శాతమేగా" అంటారు. నిజమే, ముంబై లైనుకి దాదాపు 81 శాతం అప్పు అలాగే వచ్చింది. తీర్చడానికి 50 ఏళ్లు, మొదటి 15 ఏళ్లు కట్టనక్కర్లేదు. కానీ అప్పు యెన్లలో, టికెట్ డబ్బులు రూపాయల్లో. రూపాయి జారితే ఆ 0.1 లెక్క మారుతుంది. పైగా ఆ లైను కట్టే కంపెనీలో గుజరాత్, మహారాష్ట్ర చెరి 5,000 కోట్లు వాటా పెట్టాలని ముందే రాసుకున్నారు. మన దగ్గరా అలా వాటా అడిగితే? 38.4 కిలోమీటర్ల విజయవాడ మెట్రో మొదటి దశకు వేసిన అంచనా 11 వేల కోట్లు. ఏ జేబులోంచి ఏది తీస్తారన్నది ముందే అడగాల్సిన ప్రశ్న.

అంచనాలు తప్పడం మన దేశపు జబ్బు మాత్రమే కాదు. 1964 అక్టోబర్ 1న టోక్యో–ఒసాకా మధ్య ప్రపంచంలో మొదటి హైస్పీడ్ రైలు మొదలైంది. దాన్ని పట్టుబట్టి కట్టించిన జపాన్ రైల్వే అధ్యక్షుడు షింజీ సోగో, ఇంజనీర్ హిదేవో షిమా ఇద్దరూ ఏడాది ముందే పదవులు వదిలి ఇంటికి పోయారు. ఖర్చు దాదాపు రెట్టింపైంది మరి. కాలిఫోర్నియాలో 2008లో 33 బిలియన్ డాలర్లని చెప్పి ఓట్లు వేయించుకున్న లైను ఇప్పుడు 100 బిలియన్లు దాటిపోయింది. జపాన్ వాళ్లకు బండైనా వచ్చింది. మన ముంబై లైనుకి 2017 సెప్టెంబర్ 14న శంకుస్థాపన జరిగింది, 2022కి పరిగెత్తాల్సింది. భూమి మొత్తం చేతికొచ్చేసరికి 2024 జనవరి అయింది. కాబట్టి ఎవరైనా ఐదేళ్లంటే, నేనైతే పన్నెండు వేసుకుంటాను.

వరద వచ్చినప్పుడు ఏది నిలబడుతుంది

2024 సెప్టెంబర్ మొదటి వారం ఇక్కడి వాళ్లెవరూ మర్చిపోలేదు. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీ మీద 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు పోయాయి. రాయనపాడు స్టేషన్లోకి నీళ్లొచ్చి బండ్లు ఆగిపోయాయి. అటు కేసముద్రం–ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో ఊయలలా వేలాడాయి. కొన్ని రోజులు కాజీపేట మీదుగా హైదరాబాద్‌కి రైలు దారే లేదు.

మామూలు రైల్వే లైను మట్టికట్ట మీద ఉంటుంది. కట్ట అంటే నీళ్ల లెక్కలో గట్టే. దాని కింద తూములు చాలినన్ని వదలకపోతే ఒక పక్క చెరువు తయారవుతుంది. ఎక్కువైతే కట్టే తెగుతుంది. డెల్టాలో, నల్లరేగడిలో కొత్తగా ఎత్తైన కట్ట పోయడమంటే ఇంకో బుడమేరు సమస్యను చేతులారా కట్టుకోవడమే. ఆ నేల ఎండితే బీటలు, తడిస్తే ఉబ్బు. మా కాంపౌండ్ గోడలకే పగుళ్లు ఆగవు, 220 వేగంతో పోయే పట్టా సంగతి చెప్పాలా.

ఇక్కడ బుల్లెట్‌కి మార్కులు వేయాల్సిందే. ముంబై–అహ్మదాబాద్ లైను తొంభై శాతం దాకా స్తంభాల మీదే పోతుంది. నీళ్లు కింద నుంచి పోతాయి, పశువులు పోతాయి, ట్రాక్టరూ పోతుంది. కాబట్టి ఎవరైనా సెమీ హైస్పీడ్ చవక అని చెప్తే ఒక్కటే అడగండి: కట్ట మీదా, స్తంభాల మీదా? కట్ట మీద అయితే ఆ చవకలో మన వరద నష్టం కలపలేదన్నమాట. కృష్ణకు అటూ ఇటూ కనీసం కొన్ని పదుల కిలోమీటర్లు స్తంభాల మీద వేయాలి. అది కలిపితే 120 కోట్ల అంకె కాస్త పైకి పోతుంది. అయినా 212 అవ్వదు.

పట్టాల వెడల్పు అనే చిన్న విషయం

మన పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. ముంబై బుల్లెట్‌ది 1,435. ఈ తొమ్మిదిన్నర అంగుళాల తేడా వల్ల ఆ బండి పాత లైను ఎక్కలేదు. శంషాబాద్‌లో ఎక్కినవాడు అమరావతిలో దిగి, భీమవరం పోవాలంటే మళ్లీ బెజవాడ స్టేషన్‌కి వచ్చి ఇంకో బండి పట్టుకోవాలి.

స్పెయిన్ వాళ్లది అచ్చం మన పరిస్థితే. పాత లైన్లు 1,668 మిల్లీమీటర్లు. 1992లో మాడ్రిడ్–సెవిల్ హైస్పీడ్‌ని 1,435లో వేశారు. తర్వాత మిగతా ఊళ్ల వాళ్లు ఊరుకుంటారా? నడుస్తూ నడుస్తూనే చక్రాల మధ్య దూరం మార్చుకునే బండ్లు వాడుకోవాల్సి వచ్చింది. ఫ్రాన్స్ వాళ్లకు ఆ తంటా లేదు. కొత్త లైనూ పాత లైనూ ఒకే వెడల్పు కాబట్టి వాళ్ల బండి ఊరి బయట దాకా వేగంగా వచ్చి, పాత పట్టాలెక్కి ఊరి నడుమ స్టేషన్లోకి వచ్చేస్తుంది.

220 లైనుని మన వెడల్పులోనే వేసుకుంటే మనకూ ఆ సుఖం దక్కుతుంది. శంషాబాద్ నుంచి వేగంగా వచ్చి, బెజవాడ దగ్గర పాత లైనెక్కి ఒక బండి గుంటూరుకి, ఒకటి భీమవరానికి, ఒకటి కాకినాడకు పోవచ్చు. నా ఓటు సెమీ హైస్పీడుకి పడటానికి ఇదే పెద్ద కారణం. బుల్లెట్ రెండు మహానగరాలను కలుపుతుంది, ఇది నాలుగు జిల్లాల చిన్న ఊళ్లను కూడా బండెక్కిస్తుంది.

స్టేషన్ ఎక్కడ, ఎన్ని బండ్లు ఆగుతాయి

1964లో యోకొహామా ఊరి బయట పొలాల్లో షిన్ యోకొహామా అని కొత్త స్టేషన్ కట్టారు. చాలా ఏళ్లు అక్కడ ఆగిన బండ్లు తక్కువ. తర్వాత ఊరి లైన్లు వచ్చి కలిశాక గానీ అది స్టేషన్‌లా కనపడలేదు. తైవాన్‌లో 2007లో మొదలైన లైను మీద కూడా మధ్య ఊళ్ల స్టేషన్లు కొన్ని దూరంగా పెట్టారు. అనుకున్నంతమంది ఎక్కక, అప్పులు మోయలేక 2015లో ప్రభుత్వమే వచ్చి ఎక్కువ వాటా తీసుకోవాల్సి వచ్చింది.

మనం మధ్య ఊరి వాళ్లం అన్నానుగా, మనకు తగిలే దెబ్బ ఇదే. స్టేషన్ ఇస్తారు, శిలాఫలకం వేస్తారు. రోజుకు ఎన్ని బండ్లు ఆగుతాయన్నది ఎవరూ రాసివ్వరు. హైదరాబాద్–చెన్నై మధ్య సమయం తగ్గించి చూపించాలంటే మొదట తీసేసేది మధ్యలో ఆగడమే. బుల్లెట్ కోసం వినతిపత్రం ఇచ్చేవాళ్లు "స్టేషన్ కావాలి" అని కాకుండా "గంటకు ఒక బండైనా ఆగాలి, గుంటూరు నుంచీ బెజవాడ నుంచీ ఆ స్టేషన్‌కి పట్టాల మీదే పోగలగాలి" అని రాస్తే అర్థముంటుంది. అమరావతి కొత్త లైను నంబూరులో పాత లైనుకి కలుస్తుంది. హైస్పీడ్ స్టేషన్ ఆ లైను పక్కన పడితే గుంటూరు వాడు ఆటో ఎక్కకుండా చేరతాడు. పది కిలోమీటర్లు అవతల పడితే ఇక టాక్సీ వాళ్లకే పండగ.

అయితే ఏది ముందు

నన్నడిగితే వరస ఇలా ఉంటుంది. మొదట మూడో, నాలుగో లైన్లు. ఔటర్లో బండి ఆగేది గూడ్సుల వల్ల, ఢిల్లీ–చెన్నై, హౌరా–చెన్నై దూరపు బండ్ల వల్ల. అవి బుల్లెట్ ఎక్కవు. ఖరగ్‌పూర్–విజయవాడ, ఇటార్సీ–నాగపూర్–విజయవాడ గూడ్సు కారిడార్లు చాలా ఏళ్లుగా కాగితాల మీద ఉన్నాయి. మన నాయకులు ఆ రెండింటి కోసం గట్టిగా అడిగినట్టు నేనెప్పుడూ వినలేదు. గూడ్సు కారిడార్‌కి జెండా ఊపితే ఫొటో బాగా రాదు కాబోలు. కానీ శాతవాహన, పినాకిని, రత్నాచల్‌లో రోజూ తిరిగే వాళ్లకు అంతకంటే మేలు చేసేది ఇంకోటి లేదు.

తర్వాత హైదరాబాద్‌కి మన వెడల్పులో 220 లైను, నది చుట్టుపక్కల స్తంభాల మీద.

బుల్లెట్ హైదరాబాద్–చెన్నైకి వస్తే వద్దనను. అంత దూరానికి అదే సరైనది. 220 లైనుకి పోటీగా దాన్ని నిలబెట్టడం మాత్రం తప్పు. రెండిట్లో ఒకటే అంటే, చెన్నైలో కొడుకో కూతురో ఉన్నవాళ్లు బుల్లెట్ అంటారు, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు 220 అంటారు. మన రెండు ఊళ్లలో ఏ గుంపు పెద్దదో శుక్రవారం రాత్రి బస్టాండుకి పోతే కనపడుతుంది.

నమో భారత్ తరహా లైను ఇప్పుడే వద్దు. బెజవాడ–గుంటూరు 32 కిలోమీటర్లకు కిలోమీటరుకి 370 కోట్లంటే మోయలేం. మూడో, నాలుగో లైను వస్తే వాటి మీద అరగంటకో లోకల్ నడపొచ్చు. మంగళగిరి ఉద్యోగులకు, ఎయిమ్స్‌కి వచ్చే రోగులకు అది చాలు.

ప్లాటు కొనాలనుకునేవాళ్లకు

ఇది నా సొంత గాయం. 2015లో ఒక వెంచర్ వాళ్లు రంగుల బ్రోచర్ పరిచి, "సార్, మెట్రో స్టేషన్‌కి మూడు నిమిషాల నడక" అన్నారు. ఎస్టిమేట్లు వేసేవాణ్ణి, నేనే నమ్మాను. రెండు వందల గజాలు తీసుకున్నాను. పదేళ్లు గడిచాయి, అక్కడ మెట్రో పిల్లర్ ఒక్కటి లేవలేదు. మూడు నిమిషాలు నడిస్తే గేదెల పాక వస్తుంది. పాలు మాత్రం చిక్కగా ఉంటాయి.

కాబట్టి "బుల్లెట్ స్టేషన్ పక్కనే" అన్న మాటకు పైసా ఎక్కువ ఇవ్వకండి. బడ్జెట్‌లో పేరు చదవడం వేరు, డీపీఆర్ (పూర్తి ప్రాజెక్టు నివేదిక) వేరు, కేబినెట్ ఆమోదం వేరు, గెజిట్‌లో సర్వే నంబర్లు రావడం వేరు. ఆ చివరిది వచ్చేదాకా స్టేషన్ ఎటైనా జరగొచ్చు. ఆ చివరిది వచ్చాక మీ ప్లాటు స్టేషన్ పక్కన ఉండొచ్చు, స్టేషన్ కిందే ఉండొచ్చు.

పొలం ఉన్నవాళ్లకు

మా బాబాయికి నంబూరు వైపు ఎకరం ఉంది. కారిడార్ వార్త పేపర్లో చూసి ఆ రాత్రే ఫోన్ చేశాడు.

"ఏరా అబ్బాయ్, అమ్మేయమంటావా, ఉంచమంటావా?"

"గీత ఎటు పోతుందో తెలియకుండా ఏం చెప్పను బాబాయ్. మన మీదుగానే పోయిందనుకో, స్తంభాల లైనైతే పదిహేడున్నర మీటర్ల పట్టీ తీసుకుంటారు. నీ చేను చదరంగా ఉండి మధ్యలోంచి తిన్నగా పోతే ఎకరంలో ఇరవై ఏడు సెంట్లు పోతుంది."

"అంతేనా?"

"మిగిలింది రెండు ముక్కలవుద్ది. స్తంభాలైతే కింద నుంచి పోతావు. మట్టికట్టైతే పట్టీ ఇంకా వెడల్పు, అవతలి ముక్కకి పోవాలంటే చుట్టు తిరగాలి."

ఇంకో తేడా కూడా చెప్పాను. 320 వేగానికి మలుపులు చాలా విశాలంగా ఉండాలి, ముంబై లైనుకి కనీసం ఆరు కిలోమీటర్ల వ్యాసార్ధం పెట్టారు. గుడి ఉంది, చెరువు ఉంది, పక్కకు జరపండి అంటే బుల్లెట్ జరగదు, ఎక్కడో పది కిలోమీటర్ల ముందే జరగాలి. వేగం తగ్గేకొద్దీ లైను కొంచెం మాట వింటుంది.

అమరావతిలో చేసినట్టు పూలింగ్ ఇస్తారా అని అడిగాడు. అక్కడ మెట్ట ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం తిరిగిచ్చే ఒప్పందం. ఊరు కడితే తిరిగివ్వడానికి ప్లాట్లుంటాయి. గీత గీసినట్టు పోయే రైలు లైనులో తిరిగివ్వడానికేం ఉంటుంది, కంకర తప్ప. ఇక్కడ నష్టపరిహారమే. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ధర కట్టి, పల్లెల్లో దాన్ని ఒకటి నుంచి రెండు రెట్ల మధ్య పెంచి, దాని మీద నూరు శాతం సొలేషియం, అంటే ఊరట కింద ఇచ్చే అదనపు సొమ్ము, కలుపుతారు. ఆ మొదటి ధర ఎలా కడతారన్నదే ముఖ్యం. చుట్టుపక్కల గత మూడేళ్లలో జరిగిన రిజిస్ట్రేషన్లు తీసి, వాటిలో ఎక్కువ ధర ఉన్న సగం దస్తావేజుల సగటు చూస్తారు. లేదా ప్రభుత్వ విలువ, ఏది ఎక్కువైతే అది. స్టాంపు డ్యూటీ మిగులుతుందని ఊరంతా కోటిది ముప్పై లక్షలని రాయించుకుంటే, పరిహారం కట్టేవాడు ఆ ముప్పైనే చూస్తాడు. ఆ మాట విన్నాక బాబాయి కాసేపు మాట్లాడలేదు.

రైల్వే చట్టం కింద ప్రత్యేక ప్రాజెక్టుగా తీసుకుంటే 20ఎ నోటిఫికేషన్ గెజిట్‌లో వస్తుంది, రెండు పత్రికల్లోనూ వేస్తారు, వాటిలో ఒకటి తెలుగుది. ఆ రోజు నుంచి 30 రోజుల్లో అభ్యంతరం రాసివ్వాలి. రాసేటప్పుడు "మా భూమి తీసుకోవద్దు" అని ఒక్క వాక్యం రాసి ఊరుకోకూడదు. బోరు, చెట్లు, కాలవ, అవతలి ముక్కకి దారి, సర్వే నంబర్లో విస్తీర్ణం తప్పు, అన్నీ రాయాలి.

"అయితే ముందు రిజిస్ట్రారాఫీసుకి పోయి మా సర్వే నంబర్ల పక్కన మూడేళ్ల దస్తావేజులు చూసుకోమంటావు."

"ఆ పని చెయ్ బాబాయ్. అడంగల్లో బోరు ఎక్కిందో లేదో కూడా చూడు."

"సోమవారం పోదాం. నువ్వే కారు తీసుకునిరా. ఇక్కణ్ణుంచి గుంటూరుకి పొద్దున పూట ఆటో కూడా దొరికి చావట్లేదు."